సాళ్ళకు అడ్డంగా

బావ ట్రాక్టరు మీద కూర్చుని ఉన్నాడు, ఇంజన్ తిరుగుతోంది గానీ చప్పుడు లేదు, సైలెన్సర్ గొట్టంలోంచి పొగకు బదులు తెల్లటి దూదిపింజలు ఒక్కొక్కటే లేచి గాలిలో ఆగిపోతున్నాయి, నేను మోకాలెత్తు పత్తి మొక్కల మధ్య నిలబడి ఈయన పోయి రెండేళ్ళయింది కదా అనుకుంటున్నాను, అనుకునే కొద్దీ ఆ రెండేళ్ళ సంగతి ఎవరో దారిన పోతూ చెప్పిన పుకారులాగా పలచబడిపోతోంది.

"ఏడుకొండలూ, ఆ పానా ఇట్టా అందుకో," అంటాడు బావ, పొద్దున కలిసి సద్దన్నం తిని వచ్చినంత మామూలుగా.

కాళ్ళ కింద నల్లరేగడి చల్లగా ఉంది. ఈయన రంగనాయకులు బావ, మా అక్క సామ్రాజ్యం మొగుడు, పద్దెనిమిదేళ్ళప్పుడు ఏ పనీ రాకుండా వాళ్ళింటికి వచ్చి పడ్డ నాకు మడక పట్టడం, ట్రాక్టరు తోలడం, చివరికి గడ్డం గీసుకోవడం కూడా నేర్పినవాడు, ఈయన పాడెను ముందు కుడివైపు మోసింది నేను, ఆ వెదురు బొంగు ఒరుసుకుని భుజం మీద లేచిన పొక్కు మానడానికి వారం పట్టింది, ఇప్పుడు ఆ భుజాన్నే చేత్తో తడుముకుంటూ ఆయన మొహంలోకి చూస్తున్నాను.

"బావా, నువ్వు..."

"పోయాను. తెలుసులే. దానికి అంత నోరు తెరుచుకుని నిలబడాలా? ముందు చక్రం చూడు. ఎడమది రెండంగుళాలు లోపలికి వచ్చింది. ఎవరు జరిపారు?"

"నేనే."

"ఎందుకు?"

ఇది మా చిన్న ట్రాక్టరు, ఎర్రది, బావ పెళ్ళినాటికే పాతది, మా నాలుగెకరాల్లో పెద్ద దుక్కులకి ఇంకో నీలం బండి ఉంది గానీ పైరు లేచాక సాళ్ళలో కలుపు తీయడానికి మాత్రం ఇదే దిగాలి, ఎందుకంటే దీని చక్రాలు సన్నం, పొట్ట ఎత్తు, ఒక సాలు పొట్ట కిందుగా పోతుంటే రెండు చక్రాలూ అటూ ఇటూ సందుల్లో నడుస్తాయి, వెనక గుంటక కలుపుని కోసుకుంటూ వస్తుంది, మొక్కకి మాత్రం గాలి తగిలినట్టు కూడా ఉండదు. చక్రాల మధ్య ఎడం బావ తాడుతో కొలిచి పెట్టేవాడు. కొత్త ట్రాక్టర్లు తెచ్చుకున్నవాళ్ళు కూడా విత్తిన నలభయ్యో రోజుకి వచ్చి "రంగనాయకులన్నా, నీ ముసలి బండిని ఒక్క పూట మా చేలోకి తోలవా" అని అడిగేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఆయన చక్రం కింద ఒక్క మొక్క నలిగిందని ఎవరూ చెప్పలేదు. నా చక్రం కింద మాత్రం రోజుకి పదన్నా నలిగేవి, సాయంత్రం వాటిని ఏరి తెచ్చి నా కంచం పక్కన పెట్టేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు, ఆ మాట అనకపోవడమే నాకు ఒళ్ళు మంటగా ఉండేది.

"ఎక్కు," అంటాడు.

ఎప్పుడు ఎక్కానో తెలియదు, మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాను, ట్రాక్టరు కదులుతోంది, సాళ్ళు అంతే లేకుండా ముందుకు పోతున్నాయి, పోతూ పోతూ నల్లరేగడి కాస్తా గుండ్లకమ్మ ఏటి ఇసకగా మారుతోంది, ఇసకలోనూ పత్తి మొక్కలే, వాటి మధ్యలో మా ఇంటి వసారా స్తంభాలు నిలబడి ఉన్నాయి, ఒక స్తంభం దగ్గర మా అక్క పెళ్ళినాటి వయసులో కూర్చుని గుంటక పలకకి పదును పెడుతోంది, మేం పక్కనుంచి పోతున్నా తల ఎత్తదు, నేను "అక్కా" అని పిలవబోతే బావ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపుతాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. చల్లగా ఉండాలి కదా అనుకుంటాను. ఆయన పోయిన రోజు నేను పట్టుకున్నప్పుడు కూడా వెచ్చగానే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

"ఆ రోజు ఎన్ని సాళ్ళు మిగిలాయిరా?" అంటాడు బావ, ముందుకే చూస్తూ.

"పదకొండు."

"ఎవరు తోలారు?"

"నేనే తోలాను బావా. నువ్వు మొదలెట్టిన పని ఆగకూడదని."

"ఎప్పుడు?"

చెప్పకూడదు అనుకుంటాను, కానీ కలలో నోరు నా మాట వినదు. "ఆ సాయంత్రమే."

బావ తల తిప్పి నన్ను చూస్తాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది, చనిపోయిన మనిషి ఆశ్చర్యపడటం చూడటం కన్నా భయపెట్టేది ఇంకోటి ఉండదని నాకు అప్పుడు తెలిసింది.

"నన్ను వసారాలో పడుకోబెట్టి ఉండగా?"

"ఆ."

"మీ అక్క ఏడుస్తూ ఉండగా?"

"అందరూ నన్ను మెచ్చుకున్నారు బావా. అక్క కూడా. ఆయన పని ఆపకుండా చేశావురా, నీ రుణం తీర్చుకోలేను అంది."

ఆయన ట్రాక్టరు ఆపి దిగుతాడు, ఇసక మళ్ళీ నల్లరేగడి అయిపోయింది, అది మా చేనే, అవతల మోటారు షెడ్డు, దాని ముందు నీళ్ళ కాలువ, ఎండ నడినెత్తిన ఉంది కానీ ఎవరికీ నీడ పడటం లేదు. బావ వంగి సాళ్ళ మధ్య వెతుకుతున్నాడు, పడిపోయిన మేకుని వెతికినట్టు, ఒక సాలు దాటి ఇంకో సాలు, ఆకులు పక్కకి తీసి మట్టిని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావు బావా?"

"నా జాడ."

నేను మడ్‌గార్డు దిగుతాను.

"ఇక్కడి నుంచే తిప్పాను," అంటాడు, తనలో తను. "ఈ సాలు సగంలో. ఇక్కడి నుంచి షెడ్డు దాకా, ఈ సాళ్ళన్నిటికీ అడ్డంగా. అంత పెద్ద జాడ ఏమైపోయిందిరా ఏడుకొండలూ? రెండు చక్రాల కింద ఎన్ని మొక్కలు పోయుంటాయి? ఒక్కటీ కనబడదేం?"

"బావా, నువ్వు తిప్పడమేంటి? నువ్వప్పటికే... గుండె ఆగిపోయి స్టీరింగు మీద వాలిపోయావు, బండి తనంతట తనే అడ్డదిడ్డంగా పోయింది. డాక్టరు కూడా చెప్పాడు, క్షణంలో ప్రాణం పోయిందని."

"డాక్టరు చూశాడా?"

"లేదు."

"చూసింది ఎవరు?"

చెట్టూ గట్టూ అన్నీ వింటున్నట్టు ఆగిపోయాయి. ఒక పత్తి మొక్క మీద తెల్లపువ్వు నా కళ్ళ ముందే ఎర్రబడుతోంది.

"నువ్వు చెయ్యి ఊపావు," అంటాడు బావ.

"చూశావా?"

"చూడకేం. షెడ్డు ముందు నిలబడి, ఫ్లాస్కులో టీ పోసుకుని, నవ్వుతూ ఊపావు. నేను బతికే ఉన్నాను."

కింద కూలబడిపోతాను. మట్టి నన్ను మోకాళ్ళ దాకా లోపలికి తీసుకుంటుంది, బావ నా ముందు గొంతుక్కూర్చుని, మొండి విద్యార్థికి పాఠం చెప్పినంత ఓపిగ్గా చెబుతున్నాడు. "ముందు ఎడమ చెయ్యి లాగింది. తర్వాత రొమ్ము మీద ఎవరో గుంటక మోపినట్టయింది. కేక వేద్దామని నోరు తెరిచా, గాలి రాలేదు. క్లచ్ తొక్కుదామంటే కాలు నాది కాదు. యాక్సిలరేటరు చేత్తో పెట్టి ఉంచానుగా, బండి దాని దారిన అది నడుస్తనే ఉంది. స్టీరింగు మీద మాత్రం ఇంకా పట్టు ఉంది. నిన్ను చూశా. నీ వైపు తిప్పా."

"నా వైపా?"

"మరింకెవరున్నారు ఆ చేలో? ముప్పై ఏళ్ళు ఒక్క మొక్క తొక్కనివాడు చేనంతా తొక్కుకుంటూ వస్తన్నాడంటే, నీకు తెలిసిపోతుంది, పరిగెత్తుకొస్తావు అనుకున్నా."

నేను నేలలో పాతుకుపోయి వింటున్నాను, వింటుంటే ఆ రోజు మొత్తం ఎదురుగా మళ్ళీ జరుగుతోంది, బావ నా ముందు కూర్చునే ఉన్నాడు, అవతల ట్రాక్టరు మీదా ఉన్నాడు, ఎర్రబండి సాలు సగంలో ముక్కు తిప్పి నడక వేగంతో నా మీదికే వస్తోంది, చక్రాల కింద మొక్కలు పటపట విరిగిపోతున్నాయి, షెడ్డు ముందు నిలబడిన నేను దాన్ని చూసి పగలబడి నవ్వుతున్నాను, దొరికావురా బావా, ఇన్నాళ్ళకి దొరికావు, నిద్రపోయావో, టీకి తొందరపడ్డావో, రేపు నీ కంచం పక్కన నేను పెడతాను విరిగిన మొక్కలన్నీ, అనుకుంటూ చెయ్యి ఊపుతున్నాను. తర్వాత జేబులోంచి ఫోన్ తీస్తున్నాను. తియ్యకురా, తియ్యకు, అని ఇక్కడి నుంచి అరుస్తున్నాను, వాడికి వినపడదు.

"ఫోన్ ఎత్తావు," అంటాడు బావ మెల్లగా. "అది చూసి నా ప్రాణానికి హాయి అనిపించింది. తెలుసుకున్నాడు, ఎవరికో ఫోన్ చేస్తన్నాడు, అనుకున్నా."

"ఫోటో తీశాను బావా."

ఆ మాట నా నోట్లోంచి రాయిలా కింద పడింది. రెండేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకి కూడా, నాకు నేనే కూడా ఇంత పైకి చెప్పుకోలేదు. "నువ్వు మొక్కలు తొక్కుతున్నట్టు ఫోటో తీశాను. ఇంటికెళ్ళి అక్కకి చూపించి నవ్వుదామని. తీసి, మిగతా టీ తాగాను. బండి కాలవలో దిగబడి ఇంజన్ ఆగిపోయింది. అప్పుడు కూడా పరిగెత్తలేదు. గ్లాసు కడిగి, బోర్లించి, నడుచుకుంటూ వచ్చాను. నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ వచ్చాను."

"ఊఁ."

"వచ్చేసరికి నీ చెయ్యి వెచ్చగానే ఉంది."

"ఊఁ."

"ఆ ఫోటో తుడిచేశాను. సాయంత్రం అక్క చేలోకి వచ్చి చూస్తుందేమోనని భయపడ్డాను. నీ జాడ తిన్నగా ఉంది బావా. నేను నడుచుకుంటూ వచ్చింది ఆ జాడ పక్కనే, నా కళ్ళతో నేనే చూశాను. వాలిపోయిన మనిషి బండి అట్లా రాదు. అది దారం కట్టి గీసినట్టు, షెడ్డు వైపే వచ్చింది. అందుకే బండిని కాలవలోంచి లాగించి, విరిగిన మొక్కలన్నీ పీకేసి, దాని మీద గుంటక తోలాను. సాళ్ళు మిగిలాయని కాదు. జాడ కోసం."

ఇంత చెప్పాక ఆయన తిడతాడని చూస్తున్నాను. కొడితే ఇంకా బాగుండు. బావ మాత్రం నా ముఖం మీది మట్టిని బొటనవేలితో తుడుస్తున్నాడు, ఆయన ముఖం ఒకసారి యాభై తొమ్మిదేళ్ళది, ఒకసారి నేను మొదటిసారి చూసిన ముప్పయ్యేళ్ళది, మధ్యలో ఎక్కడా నిలవడం లేదు.

"మీ అక్క ఏమడిగింది నిన్ను?"

"చూడగానే పరిగెత్తావా అని."

"ఏమన్నావు?"

"అవునన్నాను."

"మరి ఇదంతా నాకు చెప్పి ఏం లాభం? జరిగింది నాకు తెలియదా? తెలియంది ఆమెకి."

"చెబితే నా మొహం చూడదు బావా."

"చూడకపోవచ్చు. అది ఆమె ఇష్టం. నీ ఇష్టం, నా ఇష్టం కాదు."

ఆయన లేచి ట్రాక్టరు ఎక్కుతున్నాడు, ఎక్కుతుంటే దూదిపింజలు చుట్టూ కమ్ముకుంటున్నాయి, నేను మట్టిలోంచి కాళ్ళు లాక్కుంటూ, పాకుతూ, చక్రం పట్టుకుని ఆ ఒక్క మాట అడుగుతున్నాను, ఈ రెండేళ్ళూ అన్నం ముద్ద ముద్దకీ అడ్డం పడిన మాట. "బావా, నేను పరిగెత్తుకొచ్చి ఉంటే బతికేవాడివా?"

బావ నా వైపు వంగుతాడు, పెదవులు కదులుతున్నాయి, చెబుతున్నాడు, సరిగ్గా అప్పుడే ఇంతసేపూ నోరు లేని ఇంజన్ ఒక్కసారి గర్జించి లేస్తుంది, నేను "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అని అరుస్తున్నాను, ఆయన మళ్ళీ చెబుతున్నాడు, ఓపిగ్గా, ఒక్కో మాటా విడదీసి, ఒక్కటీ వినపడదు, ఆ చప్పుడు ఇంజన్‌ది కాదు, ఎవరో నా చెంపలు వాయిస్తున్న చప్పుడు.

"ఏడుకొండలూ! ఒరే! కళ్ళు తెరవరా! తెరవరా అంటంటే!"

కళ్ళు తెరిచాను. మీద అక్క ముఖం, చెమటతో, జుట్టంతా చెదిరిపోయి. నేను ఎర్ర ట్రాక్టరు నీడలో, రెండు సాళ్ళ మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. ఎండ నడినెత్తిన ఉంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. బావ పోయినప్పటి నుంచి షెడ్డులో పడి ఉన్న చిన్నబండిని ఈ ఏడు తియ్యాల్సిందేనని అక్క పట్టుబట్టింది. పొద్దున్నే గుంటక కట్టి చేలో దిగాను. పది సాళ్ళు తోలేసరికి రేడియేటరు కాగి ఆవిరి కక్కింది. చల్లారేదాకా ఆగుదామని నడిచేలో దాని నీడనే ఒరిగాను. అంతే.

"ఏమైందిరా నీకు?" అక్క నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూస్తోంది. "షెడ్డు కాడి నుంచి చెయ్యూపితే ఊపవు. కేకేస్తే పలకవు. బండేమో నడిచేలో ఆగిపోయుంది, నువ్వేమో కింద పడున్నావు. నా పై ప్రాణం పైనే పోయింది గదరా!"

"నిద్రపట్టిందక్కా."

"నిద్రా!" అని కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది. ఆమె కాళ్ళకి చెప్పులు లేవు. పాదం మీద గీరుకుని నెత్తురు వచ్చింది.

లేచి కూర్చుని ఆమె వచ్చిన వైపు చూశాను.

షెడ్డు నుంచి గట్టు మీదుగా వచ్చి, సాలు పట్టుకుని నడవడం మా చేలో అందరికీ అలవాటు. అక్క ఆ దారిన రాలేదు. షెడ్డు ముందు నుంచి నేను పడి ఉన్న చోటి దాకా, ఉన్న సాళ్ళన్నిటికీ అడ్డంగా, తిన్నగా ఒక బాట పడి ఉంది. దాని పొడుగునా పత్తి మొక్కలు విరిగి, ఆకులు వెనక్కి తిరిగి తెల్లగా కనబడుతున్నాయి. కలుపు తీసే కూలీ ఒక్క మొక్క తొక్కితే పొద్దు గూకేదాకా సణిగే మనిషి అక్క.



"అక్కా, ఆ రోజు నేను పరిగెత్తలేదు," అన్నాను.

"ఏ రోజు?" అంది, ఇంకా ఆయాసపడుతూనే. ఆపైన నా ముఖంలోకి చూసింది.

మొత్తం చెప్పాను. చెయ్యి ఊపింది, నవ్వింది, ఫోటో, టీ, బోర్లించిన గ్లాసు, తిన్నగా వచ్చిన జాడ, దాని మీద తోలిన గుంటక. కల సంగతి చెప్పలేదు. నా తప్పు చెప్పడానికి ఆయన్ని సాక్షిగా తెచ్చుకోవడం నాకు బాగోలేదు.

అక్క నా రొమ్ము మీది చేతిని ఎప్పుడు తీసేసుకుందో నాకు తెలియలేదు. "తెలిసే నీ వైపు తిప్పాడంటావా?" అంది.

"జాడ చూస్తే అట్లాగే ఉందక్కా."

"బాగా బాధపడ్డాడా?"

"తెలియదు."

"నువ్వు త్వరగా వెళ్ళుంటే బతికేవాడా?"

"తెలియదక్కా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. నా వైపు చూడకుండా, కుడి పక్క సందులోకి దిగి, సాలు పట్టుకుని గట్టు వైపు నడిచింది. గట్టెక్కాక ఆగి వెనక్కి తిరిగింది. అక్కడి నుంచే కేకేసింది.

"అన్నం షెడ్డు కాడ ఉంది. తిని మిగతావి తోలు. నేను తొక్కిన మొక్కలు పీకావంటే మాత్రం ఊరుకోను. ఆ జాడ మీద గుంటక ఆనకూడదు."

రేడియేటరులో నీళ్ళు పోసి బండి తీశాను. అన్నం తినబుద్ధి కాలేదు. పొద్దు వాలేదాకా మిగిలిన సాళ్ళన్నీ తోలాను. ప్రతి సాలులోనూ అక్క జాడ అడ్డం వచ్చిన చోట లిఫ్టు లాగి గుంటకను గాలిలోకి ఎత్తి, ఆ రెండడుగులూ దాటాక మళ్ళీ మట్టిలోకి దించాను.